కిరీటం కింద పెట్టిన కవరు

అమ్మ గ్రీన్ కార్డు సోమవారం పోయిందని మేం అనుకున్నాం. నిజానికి అది ఆదివారమే పోయింది. మాకు తెలిసింది సోమవారం.

ఆ మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చేసరికి కింది వాటాలో అమ్మ సొరుగులన్నీ నేల మీద ఉన్నాయి. మూడో అంతస్తులో ఉండే మా మరదలు, తమ్ముడు నొర్బెర్తో భార్య ఫిలొమెనా దిగివచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, పాత మందుల చీటీలు ఒక్కొక్కటే విప్పి చూస్తోంది. అమ్మ కిటికీ పక్క కుర్చీలో ఉంది. వెతకడం లేదు.

"దీవించమ్మా," అన్నాను గుమ్మంలోనే, రోజూలాగే.

"దేవుడు దీవిస్తాడు," అంది అమ్మ, నా వైపు చూడకుండా.

"టికెట్లమ్మే ఎవరిస్తో ఫోన్ చేశాడు వదినా," అంది ఫిలొమెనా. "విమానం వాళ్లకి అత్తయ్య పాస్‌పోర్టు నంబరూ, కార్డు నంబరూ పంపాలట. పాస్‌పోర్టు ఉంది. కార్డు లేదు."

"ఆఖరుసారి ఎప్పుడు చూశావమ్మా?"

అమ్మ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది.

"గంట నుంచి నేనూ అదే అడుగుతున్నాను. గోడనడిగినా ఈపాటికి చెప్పేసేది," అంది ఫిలొమెనా.

విమానం వచ్చే బుధవారం సాయంత్రం. బోస్టన్‌లో ఎక్కితే తెల్లారేసరికి సముద్రం అవతల, అమ్మ పుట్టిన దీవిలో ఉన్న పోంతా దెల్గాదాలో దిగుతాం. ఆ ఆదివారమే అక్కడ సాంతో క్రిస్తో, అంటే పవిత్ర క్రీస్తు పండుగ. చేతిలో తొమ్మిది రోజులున్నాయి.

"ఎక్కడికీ పోలేదు," అంది అమ్మ చివరికి. "భద్రంగానే ఉంది."

"ఎక్కడ?"

"కిరీటం కింద."

ఫిలొమెనా చేతిలో చీటీ ఆగిపోయింది.

ఈస్టర్ తర్వాత ఏడు వారాలు పవిత్రాత్మ కిరీటం మా పేటలో ఏడిళ్లు తిరుగుతుంది. పోయిన వారం మా వంతు. అమ్మ ముందుగదిలో మెట్లుమెట్లుగా పీఠం కట్టాం. పై మెట్టు మీద వెండి పళ్లెం, అందులో కిరీటం. రోజూ సాయంత్రం జపమాల చెప్పడానికి ముప్ఫై మంది వచ్చారు. వచ్చినవాళ్లు తమ కోరిక ఒక చీటీలో రాసి పళ్లెం కింద పెడతారు. ఎవరి చీటీ ఎవరూ చదవరు. ఆదివారం కిరీటం ఊరేగింపుగా రెండు వీధుల అవతల ఉర్బానో ఇంటికి వెళ్లింది. పళ్లెం కింది చీటీలు కూడా పళ్లెంతోపాటే వెళ్లాయి.

"ప్రయాణం చల్లగా సాగాలని పెట్టాను," అంది అమ్మ. "కవర్లో వేసి పెట్టాను. నొర్బెర్తో ఫొటో కూడా. ఆదివారం పొద్దున తీసేద్దామనుకున్నాను. ఊరేగింపుకొచ్చిన నూట ఇరవై మందికి సూప్ వడ్డించేసరికి మరిచిపోయాను."

"అయితే పాస్‌పోర్టు కూడా పెట్టాల్సింది, పనైపోయేది!" అంది ఫిలొమెనా.

"పెడదామనే చూశాను. లావుగా ఉంది. కిరీటం ఒరిగిపోయింది."

అమ్మ అది మామూలుగానే చెప్పింది. ఫిలొమెనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. నవంబరు నుంచి ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. అది గుర్తొచ్చినట్టుంది, తనే ఆపేసింది.

"నేను వెళ్లి తెస్తాను," అన్నాను.

*

ఉర్బానో ఇంట్లో ముందుగది నిండా ఎరువు తెచ్చిన కుర్చీలు. ఆయన భార్య లియొనీల్దె పిన్ని నేల మీద కూర్చుని కాగితం గులాబీలు చుడుతోంది. పీఠం మీద కిరీటం మా ఇంట్లోకంటే ఎత్తుగా ఉంది. ఆమె కావాలనే ఇంకో మెట్టు కట్టించి ఉంటుంది.

"రా టీచరమ్మా! మీ అమ్మ నడుము ఎలా ఉంది? నా నడుమైతే నిన్ననే రాజీనామా ఇచ్చింది."

"పిన్నీ, అమ్మ పళ్లెం కింద ఒక కవరు..."

"కవర్ల సంగతేగా!" ఆమె నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. "మీ అమ్మ దిగులు నాకు తెలియదా? కిరీటం ఇంట్లోకి రాగానే మొట్టమొదట చేసిన పని అదే. మా అమ్మ నేర్పిన పద్ధతి. ఒక ఇంట్లో అడిగిన కోరిక ఇంకో ఇంటివాళ్ల కంటపడకూడదు. అన్నీ తీసి పెరట్లో ఇనప మూకుడులో వేసి కాల్చేశాను."

నేను కుర్చీ వీపు పట్టుకున్నాను.

"ఒక్కటంటే ఒక్కటి విప్పలేదు. ఉర్బానో, 'ఎవరెవరికి లాటరీ కావాలో చూద్దామే' అన్నాడు. చేతి మీద ఒకటిచ్చాను." ఆమె గులాబీ కాడకు తీగ చుట్టింది. "ఒకదాంట్లో ఏదో గట్టిగా ఉంది. ఫొటో అనుకుంటా. ఎంతసేపటికీ కాలదే! వాసన కూడా వచ్చింది. ఏ తల్లి బిడ్డ ఫొటోనో అని సిలువ గుర్తు వేసుకున్నాను. అంతా బూడిదయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. మీ అమ్మకి చెప్పు, నిశ్చింతగా ఉండమను."

ఆమె ముఖంలో తృప్తి ఉంది. పరుల రహస్యాన్ని మర్యాదగా కాపాడిన మనిషి తృప్తి.

చెప్పాల్సిన మాటలు నాకు తెలుసు. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా నాలుగో తరగతి పిల్లలకు చెబుతున్నాను, జరిగింది జరిగినట్టు చెప్పాలని.

"మంచి పని చేశావు పిన్నీ," అన్నాను.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, ఇంకా వేడి తగ్గని తీపి రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది. "మీ అమ్మ జుల్మీరాకివ్వు. విమానంలో అది తిననిస్తారు, మా అక్క తీసుకెళ్లింది."

*

రొట్టె బల్ల మీద పెట్టాను.

"దొరికిందా?" అంది ఫిలొమెనా.

చెప్పాను. ఎక్కువ మాటలు పట్టలేదు.

అమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. జపం చేస్తోందో, పేరేదో పిలుస్తోందో తెలియలేదు.

"మరి నువ్వేమన్నావు వదినా?"

"మంచి పని చేశావన్నాను."

"మంచి పని!" ఫిలొమెనా గొంతు పై అంతస్తుకు వినపడేలా లేచింది. "మనిషి కార్డు తగలబెడితే మంచి పనా? రొట్టె కూడా పుచ్చుకున్నావు! నేను వెళ్తాను. ఆ మూకుడులో ఏం మిగిలిందో చూస్తాను. అడగాల్సింది అడుగుతాను."

"కూర్చో," అంది అమ్మ.

"అత్తయ్యా..."

"కూర్చోమన్నాను. ఈ వారం ఆవిడింట్లో కిరీటం ఉంది. ఆదివారం ఆ ఇంట నూట యాభై మంది తింటారు. గరిటె పట్టుకున్న చెయ్యి వణకకూడదు. ఈ మాట గది దాటి పోకూడదు."

"పండుగయ్యాక?"

"అయ్యాక కూడా."

ఫిలొమెనా కూర్చోలేదు. సొరుగులు ఒక్కొక్కటే ఎత్తి బల్లలోకి తోసింది, ఒక్కోదాన్ని అవసరమైనదానికంటే గట్టిగా. చివరి సొరుగు దగ్గర ఆగింది.

"నిరుడే వెళ్లి ఉంటే..." అంది.

"అను," అన్నాను నేను.

"నేనేమీ అనలేదు."

"అన్నావు. పూర్తి చెయ్యి."

"నేనేమీ అనలేదు వదినా. నాకు పనుంది." మెట్లెక్కి వెళ్లిపోయింది. పైన తలుపు పడిన చప్పుడు వినిపించింది.

ఆమె పూర్తి చెయ్యని మాట నేను పూర్తి చేస్తాను. నిరుడు ఫిబ్రవరిలో నా తమ్ముడు నొర్బెర్తోకు ఆపరేషన్ జరిగింది. వాడు తన కాళ్ల మీద ఆసుపత్రి నుంచి బయటికొస్తే, సాంతో క్రిస్తో మైదానం చుట్టూ మోకాళ్ల మీద తిరుగుతానని, వాడి ఎత్తు మైనపువత్తి చేత పట్టుకుంటానని, వాడు అక్కడ నిలబడి చూస్తాడని అమ్మ మొక్కుకుంది. వాడు నడిచి వచ్చాడు. మే నెల పండుగకు ముగ్గురం వెళ్లాలనుకున్నాం. ఆ వారమే నా తరగతికి రాష్ట్రం పరీక్షలు. "మొక్కు ఎక్కడికీ పోదు కదమ్మా, వచ్చే ఏడాది వెళదాం," అన్నాను. నొర్బెర్తో కూడా సరేనన్నాడు. వాడికి పని పోతుందని భయం. నవంబరులో వాడు పోయాడు.

మొక్కు ఆలస్యం చేసినందుకే ఇలా జరిగిందని అమ్మ నాతో ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే కాదని వాదించేదాన్ని.

*

మంగళవారం స్కూలు వదలగానే ఎవరిస్తో దగ్గరికి వెళ్లాను. మా పేటలో దీవులకు వెళ్లేవాళ్లందరి టికెట్లూ, దరఖాస్తులూ, చనిపోయినవాళ్ల పెన్షన్ కాగితాలూ ఆయనే చూస్తాడు.

"పోయిందా? కంగారుపడకండి టీచరమ్మా. పండుగ ముందు వారం అందరూ ఏదో ఒకటి పారేసుకుంటారు. పోయినసారి ఒకాయన పాస్‌పోర్టు పదిరోజులు వెతికాం. సాసేజీల డబ్బాలో దొరికింది. దొంగలు అక్కడ చూడరని పెట్టాడట. విమానాశ్రయంలో ఆయన్ని కుక్క వదల్లేదు."

నేను నవ్వాననే అనుకున్నాను.

"బాగా వెతికారా?"

"వెతికాం. ఇక దొరకదు."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"అయితే వినండి. వెళ్లడానికి అడ్డేమీ లేదు. ఆమెది పుట్టిన దేశం పాస్‌పోర్టు, మన దీవి. ఆమెను ఎవరాపుతారు? తిరిగొచ్చేటప్పుడే చిక్కు. కార్డు చూపించకపోతే అక్కడ విమానం ఎక్కనివ్వరు."

"కొత్త కార్డు?"

"దరఖాస్తు ఇవాళే పెడదాం. నెలలు పడుతుంది. ఈలోగా పాస్‌పోర్టులో ఒక ముద్ర వేస్తారు, బోస్టన్‌లో, వలసల ఆఫీసులో. అదుంటే చాలు, రావచ్చు. కానీ మీరే నేరుగా వెళ్తే కుదరదు. ఫోన్ చేసి అడగాలి. వాళ్లు తిరిగి ఫోన్ చేసి రోజు చెబుతారు."

"ఎప్పుడు చేస్తారు?"

"వచ్చే సోమవారం వాన పడుతుందా అని అడిగినట్టుంది."

"ముద్ర లేకుండా వెళ్తే? అక్కడ్నించి ఏమీ చెయ్యలేమా?"

"అక్కడ అమెరికా వాళ్ల ఆఫీసుంది. అడగొచ్చు. ఇస్తారేమో, ఎన్నాళ్లకిస్తారో... టీచరమ్మా, నేను టికెట్లమ్మేవాణ్ణి. మా అమ్మయితే పంపను. అంతకుమించి చెప్పలేను." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "ఆవిడ యాభై ఏళ్ల నుంచి ఉన్నారు కదా ఇక్కడ. పౌరసత్వం ఎందుకు తీసుకోలేదు?"

"పౌరసత్వ పరీక్ష నేనే పెట్టి నేనే దిద్దితే రాస్తానంది."

దరఖాస్తు నా ముందు పెట్టాడు. కార్డు ఏమైంది అన్నచోట గళ్లున్నాయి. పోయింది ఒక గడి. పాడైంది, నాశనమైంది ఇంకో గడి. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రెండో గడిలో గుర్తు పెడితే ఎలా అని అడుగుతారు. ఎలా అంటే ఎవరు అని కూడా చెప్పాలి.

మొదటి గడిలో పెట్టాను.

*

బుధవారం భోజనాల విరామంలో ఉపాధ్యాయుల గది నుంచి ఆ ఆఫీసుకు ఫోన్ చేశాను. యంత్రం చాలాసేపు మాట్లాడింది. తర్వాత ఒక అమ్మాయి. మర్యాదగానే మాట్లాడింది.

"అత్యవసరమా అండీ?"

"అవును. ప్రయాణం వచ్చే బుధవారమే."

"ప్రయాణం కారణం? వైద్యమా, కుటుంబంలో మరణమా?"

"మొక్కు," అన్నాను.

"అంటే?"

నాకున్న మాటల్లో ఏవి వాడాలో వెతుక్కున్నాను. మోకాళ్లు, మైదానం, మైనపువత్తి. ఏది చెప్పినా ఆ అమ్మాయి ముందున్న జాబితాలో ఉండదు.

"మా అమ్మ కొడుకు చనిపోయాడు," అన్నాను.

"అయ్యో. క్షమించండి. అంత్యక్రియలకా?"

"కాదు. నవంబరులో పోయాడు. ఇక్కడే పూడ్చాం."



"మేడమ్, ఇప్పుడు జరిగిన మరణమైతేనే ముందుకు జరపగలను. మీ నంబరు రాసుకున్నాను. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు."

"ఈ వారంలోనా?"

"చేస్తారండీ," అంది. అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఆ మాట ఎంచుకుందని నాకు అర్థమైంది. గంట మోగింది. తరగతికి వెళ్లి భాగహారాలు చెప్పాను.

*

గురువారం సాయంత్రం అమ్మ మంచం మీద పెట్టె తెరిచి ఉంది. నల్ల దుస్తులు రెండు జతలు, చలికి ఒక శాలువా, మోకాళ్లకు కట్టుకోవడానికి దూది కుట్టిన గుడ్డలు. ఆ గుడ్డలు నిరుడు మార్చిలో కుట్టినవి.

ఫిలొమెనా గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. సోమవారం తర్వాత మేమిద్దరం ఒకే గదిలో ఉండడం అదే మొదలు.

"అత్తయ్య టికెట్టు ఒకవైపుకే చాలంటోంది," అంది నాతో. "నువ్వే చెప్పు, నా మాట వినడం లేదు."

"కాగితం వచ్చినప్పుడే వస్తాను," అంది అమ్మ. "రాకపోతే హెర్మీనియా ఇంట్లో ఉంటాను."

"మీ అక్కకి ఎనభై నాలుగేళ్లు. ఆవిడ మిమ్మల్ని చూస్తుందా, మీరావిడ్ని చూస్తారా?"

"ఇద్దరం కలిసి పక్కింటివాళ్లని సాధిస్తాం."

ఫిలొమెనా నవ్వలేదు. "గుండె మాత్రలు? డాక్టరు? మీకేదైనా అయితే మేం ఇక్కడ ఫోన్ పట్టుకుని కూర్చోవాలా?" గొంతు తగ్గించింది. "ఆయన ఇక్కడున్నాడు అత్తయ్యా. ప్రతి శనివారం మీరు పూలు పెట్టి మాట్లాడతారే, ఎవరు వెళ్తారు? నాకు పనివేళలు కుదరవని మీకు తెలుసు. నా వల్ల కాదు కూడా. ఆ రాయి మీద ఆయన పేరు నేను చూడలేను."

అమ్మ శాలువా మడత విప్పి మళ్లీ మడిచింది.

"నా కొడుకు ఇక్కడ మట్టిలో ఉన్నాడు," అంది. "వాడి కోసం ఇచ్చిన మాట అక్కడుంది. రెండు చోట్లా నేను ఎలా ఉంటాను?"



"అమ్మా, నేను వెళ్తాను," అన్నాను. "నాకు టికెట్టుంది, సెలవుంది. మైదానం చుట్టూ నేనే తిరుగుతాను. వాడి ఎత్తు నాకు తెలుసు, వత్తి కొంటాను. నువ్వు ఇక్కడే ఉండు."

అమ్మ తలెత్తి నన్ను చూసింది. సోమవారం నుంచి నన్ను తిన్నగా చూడడం అదే మొదలు.

"నువ్వు నమ్ముతావా ఒడీలియా?"

నేను ఏడో ఏట నుంచీ ఆమె పక్కన కూర్చుని జపమాల చెబుతున్నాను. అబద్ధం ఆ వారంలో రెండుసార్లు ఆడాను, తేలిగ్గానే వచ్చింది. మూడోది రాలేదు.

"నమ్మకపోయినా తిరుగుతాను," అన్నాను.

"తెలుసు." ఆమె గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. "నువ్వు తిరుగుతావు. మోకాళ్లు చిట్లేదాకా తిరుగుతావు. కానీ మొక్కింది నేను కదమ్మా."

ఫిలొమెనా ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి విప్పిన చప్పుడు వచ్చింది. ఎంతసేపటికీ కట్టలేదు.

అమ్మ పెట్టె అంచు మీద చెయ్యి వేసింది.

"నేను రెండో తరగతి దాకా చదివాను. నువ్వు ఊరి పిల్లలందరికీ చదువు చెబుతావు. అందుకే నిన్నే అడుగుతున్నాను. నిరుడు వద్దన్నావు, విన్నాను. ఈసారి కూడా నువ్వే చెప్పు. వెళ్లనా? ఉండనా?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఆమెకు నిజంగానే జవాబు కావాలి. ఏది చెప్పినా వింటుంది. వెళ్లమంటే తన కొడుకు సమాధిని మళ్లీ చూడకపోవచ్చు. ఉండమంటే, ఆ మాట రెండోసారి కూడా నేనే అన్నదాన్నవుతాను.

"రేపు ఆఫీసు వాళ్లు ఫోన్ చేస్తారేమో చూద్దాం," అన్నాను.

"చూద్దాం," అంది అమ్మ. పెట్టె మూత వెయ్యలేదు. దాని పక్కనే మిగిలిన చోటులో పడుకుంది.

శుక్రవారం ఫోన్ రాలేదు. శని, ఆదివారాలు ఆ ఆఫీసు తెరవరు. విమానం బుధవారం. అమ్మకు నేను ఇంకా జవాబు చెప్పలేదు.